తిరుపతిలో ట్రాఫిక్ సర్వే ఎలా చేయాలి? థీసిస్‌కు మన ఊరిని తీసుకున్నవాళ్ల కోసం

సెలవులు దగ్గర పడితే నాకు వచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, జర్మనీలో ఎంఎస్ చేస్తున్నా, స్మార్ట్ సిటీల్లో రవాణా మీద థీసిస్, తిరుపతి తీసుకున్నా, డేటా ఎక్కడ దొరుకుతుంది?" ఇంకొకరు ఇక్కడే బీటెక్ సివిల్ చదువుతూ బయటి దేశం యూనివర్సిటీతో కలిసి ప్రాజెక్టు చేస్తుంటారు, వాళ్లదీ అదే ప్రశ్న. మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే డేటా రెడీగా దొరకదు. రోడ్డు పక్కన నిలబడి మీరే లెక్కపెట్టుకోవాలి. భయపడాల్సిన పనేం లేదు, నలుగురు ఫ్రెండ్స్, పది రోజులు ఉంటే మంచి సర్వే అవుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. 2016 సెప్టెంబరులో తిరుపతి స్మార్ట్ సిటీల జాబితాలోకి వచ్చింది. 2011 లెక్కల ప్రకారం నగర జనాభా మూడు లక్షల లోపే. కానీ కొండ మీదికి మామూలు రోజుల్లోనే 60 నుంచి 80 వేల మంది భక్తులు వెళ్తుంటారు. అంటే మన రోడ్ల మీద కనిపించేవాళ్లలో చాలామందికి ఇక్కడ ఇల్లు లేదు, బండి లేదు, దారి తెలియదు, చేతిలో సంచులు, వెంట పిల్లలు, ముసలివాళ్లు. ఇళ్లకు వెళ్లి "ఆఫీసుకు దేంట్లో పోతారు" అని అడిగే విదేశీ ఫారం ఇక్కడ సగం మందిని వదిలేస్తుంది. అందుకే నేను చెప్పే పద్ధతిలో బండ్ల కంటే మనుషుల లెక్కకే ఎక్కువ చోటు ఉంటుంది.

ఏమేం కావాలి

మనుషులు: కనీసం నలుగురు. ఇద్దరు లెక్కకు, ఒకరు జనంతో మాట్లాడటానికి, ఒకరు అలిసినవాళ్ల బదులు నిలబడటానికి. తమిళం వచ్చినవాళ్లు ఒకరైనా ఉండాలి, ఇది తప్పనిసరి.

సామాను: అట్టకు క్లిప్పు ఉన్న ప్యాడ్‌లు, ప్రింట్ తీసిన ఫారాలు, పెన్సిళ్లు (చెమట చేతికి పెన్ను సిరా అంతా పాకుతుంది), మెడలో వేసుకునే స్టాప్‌వాచ్ లేదా ఫోన్, 30 మీటర్ల టేపు, టోపీ, నీళ్లు, పవర్ బ్యాంక్. చేత్తో నొక్కే కౌంటర్ మిషన్ దొరికితే మంచిదే, లేకపోయినా గీతలు చాలు.

సాఫ్ట్‌వేర్: జనాన్ని అడిగే ప్రశ్నలకు కోబో టూల్‌బాక్స్ యాప్, మ్యాపులకు క్యూజీఐఎస్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, లెక్కలకు ఎక్సెల్. కోబోలో సిగ్నల్ లేకపోయినా ఫారం నింపి తర్వాత పంపుకోవచ్చు.

1. ప్రశ్నను చిన్నది చేసుకోండి

"తిరుపతిలో సుస్థిర రవాణా" అనేది ప్రశ్న కాదు. మీ గైడ్ ఒప్పుకున్నా సరే, దాన్ని కోసి కోసి ఒక సర్కిల్‌కో, ఒక రోడ్డుకో తెచ్చుకోండి. ఉదాహరణకు: రైల్వే స్టేషన్ దిగినవాళ్లు అలిపిరికి దేంట్లో పోతున్నారు, మనిషికి ఎంత ఇస్తున్నారు? లీలామహల్ సర్కిల్‌లో రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడాల్సి వస్తోంది? కొర్లగుంటలో ఇంటి నుంచి బస్టాపుకు ఎన్ని అడుగులు?

మూడోది తీసుకుంటే ఒక లాభం ఉంది. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 11.2 అనేది రవాణా గురించే. దాన్ని కొలిచే పద్ధతిలో మామూలు బస్టాపు 500 మీటర్ల లోపు ఉండాలని, మెట్రో లాంటి పెద్ద రవాణా అయితే ఒక కిలోమీటరు లోపు అని ఉంది. విదేశీ గైడ్‌కు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. అయితే 500 మీటర్లను మ్యాపు మీద గుండ్రంగా గీసి వదిలేయకండి, నడిచి కొలవండి. మధ్యలో రైలు పట్టాలు, కాలువ, గోడ ఉంటే మ్యాపులో 400 మీటర్లు ఉన్నది కాళ్లకు 900 అవుతుంది. పైగా బోర్డు ఉన్న ప్రతిచోటా బస్సు ఆగదు, ఆగే ప్రతిచోటా బోర్డు ఉండదు.

2. చోటు, రోజు

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. తిరుపతిలో "మామూలు రోజు" అనేదాన్ని వెతికి పట్టుకోవాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, పెరటాసి శనివారాలు... వీటిలో ఏ ఒక్కటి తగిలినా మీ అంకెలు మూడింతలు అవుతాయి, లేదా పోలీసులు దారి మళ్లించి సర్కిల్ ఖాళీ అవుతుంది. పెరటాసి అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు వచ్చే తమిళ నెల, తమిళనాడు నుంచి జనం బస్సులు కట్టుకుని వస్తారు. ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు గానీ బయట చదువుకుంటున్న పిల్లలు క్యాలెండర్‌లో ఆదివారాలు మాత్రమే చూసుకుని టికెట్ బుక్ చేసుకుంటున్నారు.

నా సలహా: ఒక మంగళ, బుధ, గురువారాల్లో రెండు రోజులు, ఒక శనివారం. రద్దీ రోజు కూడా కావాలంటే దాన్ని విడిగా చూపించండి, సగటులో కలపకండి.

చోటు ఎంచుకునేటప్పుడు శ్రీనివాస సేతును మర్చిపోకండి. 2023 సెప్టెంబరులో మొత్తంగా ప్రారంభమైన ఈ ఫ్లైఓవర్ దాదాపు 7 కిలోమీటర్లు. కింద సర్కిల్‌లో నిలబడి లెక్కపెడితే పైన పోయే బండ్లు మీ ఫారంలోకి రావు. అది తప్పు కాదు, కానీ రిపోర్టులో "కింది రోడ్డు మాత్రమే" అని స్పష్టంగా రాయాలి. పాత రిపోర్టుల్లో అంకెలతో పోల్చి "ట్రాఫిక్ తగ్గింది" అని రాసేసేవాళ్లు ఉన్నారు. ట్రాఫిక్ తగ్గలేదు, పైకి ఎక్కింది.

3. కాగితాలు

కాలేజీ లెటర్‌హెడ్ మీద తెలుగులో ఒక పేజీ ఉత్తరం, స్టాంపుతో. ఎవరు, ఏ రోజుల్లో, ఎక్కడ, ఎందుకు. ఒక కాపీ ట్రాఫిక్ పోలీసులకు, ఒకటి నగరపాలక సంస్థకు ముందే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రోడ్డు మీద ఎవరైనా అడిగితే చూపించడానికి ప్రతి ఒక్కరి ప్యాడ్‌లో ఒక కాపీ. రైల్వే స్టేషన్ లోపల, ఆర్టీసీ బస్టాండు లోపల చేయాలంటే వాళ్ల అనుమతి వేరే. అలిపిరి చెకింగ్ దాటాక టీటీడీ అనుమతి లేకుండా ఏదీ మొదలుపెట్టకండి. డ్రోన్ ఆలోచనే వద్దు.

మీ యూనివర్సిటీ బయటి దేశంలో ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా సేకరణకు ముందే రావాలి. తర్వాత తెచ్చుకుందాం అనుకుంటే చేసిన పనంతా పక్కన పెట్టేయాల్సి రావచ్చు. ఐరోపాలో చదివేవాళ్లకు 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (అక్కడి వ్యక్తిగత డేటా రక్షణ నిబంధన), మన దగ్గర 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం... రెండింటి సారం మీ వరకు ఒకటే: పేరు, ఫోన్ నంబరు అడగొద్దు, వీడియో తీస్తే ముఖాలు, నంబరు ప్లేట్లు కనపడకుండా చేయండి, 18 ఏళ్ల లోపు పిల్లల్ని ప్రశ్నలు అడగొద్దు. మీతో విదేశీ విద్యార్థులు వస్తుంటే టూరిస్ట్ వీసా మీద సర్వే పనికి దించకండి, పరిశోధనకు వేరే వీసా ఉంది, ఆ విషయం కాలేజీ ద్వారా ముందే తేల్చుకోండి.

4. ఫారం తయారు చేయడం

బండ్ల రకాలు అడ్డంగా, 15 నిమిషాల గడులు నిలువుగా. ఒక్కో దిశకు ఒక్కో పేజీ. నేను వాడే రకాలు: బైకు, మామూలు ఆటో, షేర్ ఆటో, కారు, జీపు/టెంపో ట్రావెలర్, ఆర్టీసీ బస్సు, ప్రైవేటు బస్సు, లారీ, సైకిల్, తోపుడు బండి.

షేర్ ఆటోకు విడిగా గడి ఎందుకో చెప్తాను. మా మొదటి సర్వేలో ఫారంలో "ఆటో" అని ఒక్కటే ఉంది. ముగ్గురం మూడు మూలల్లో నిలబడ్డాం. నేను షేర్ ఆటోను ఆటోలో రాశాను, ఇంకో అబ్బాయి జీపులో, మూడో అమ్మాయి "ఇతరములు"లో. సాయంత్రం కూడి చూస్తే ఒకే రోడ్డు మీద పోయిన బండ్లు మూడు రకాలుగా తేలాయి. రెండు రోజుల పని పోయింది. అప్పట్నుంచి ఫారం వెనక వైపు ప్రతి బండి ఫోటో ప్రింట్ వేయిస్తున్నాను, పక్కన పేరు. విదేశీ ఫ్రెండ్స్‌కైతే ఇది మరీ అవసరం, వాళ్లకు షేర్ ఆటోకీ మామూలు ఆటోకీ తేడా కంటికి ఆనదు.

కొండ మీదికి 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. మీ అంశం కాలుష్యం అయితే ఆర్టీసీ గడిని డీజిల్, ఎలక్ట్రిక్ అని రెండు చేసుకోండి. కాకపోతే వద్దు, గడులు పెరిగేకొద్దీ తప్పులు పెరుగుతాయి.

5. ఒక గంట ట్రయల్

అసలు రోజుకు మూడు నాలుగు రోజుల ముందు, అదే చోట, అదే టైముకి ఒక గంట. ఇద్దరు ఒకే దిశను ఒకరి ఫారం ఒకరు చూడకుండా లెక్కపెట్టండి. మొత్తంలో తేడా 5 శాతం దాటితే ఫారంలోనో, నిలబడే చోటులోనో లోపం ఉంది. చాలాసార్లు చోటే కారణం: ఒక బస్సు ఆగితే దాని వెనక పోయే బైకులన్నీ కనపడవు. నాలుగు అడుగులు పక్కకు జరిగినా, మెట్టు మీద నిలబడినా సరిపోతుంది.

ఈ అడుగును వదిలేసినవాళ్లలో రెండోసారి రోడ్డెక్కనివాళ్లను నేను చూడలేదు.

6. బండ్ల లెక్క

నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా, చిన్నప్పుడు నేర్చుకున్నదే. ఉదయం 7:30 నుంచి 10:30, సాయంత్రం 5 నుంచి 8. ఒక మనిషి ఏకబిగిన గంటన్నరకు మించి నిలబడకూడదు, కన్ను అలిసిపోతుంది, కానీ చెయ్యి మాత్రం గీతలు పెడుతూనే ఉంటుంది, అదే ప్రమాదం.

తర్వాత రెండు లెక్కలు చేస్తారు. మొదటిది, రద్దీ ఎంత సమంగా ఉందో చూడటం. గంట మొత్తాన్ని, అందులో బాగా ఎక్కువున్న 15 నిమిషాల అంకెకు నాలుగు రెట్లతో భాగించండి. ఒక గంటలో వరసగా 210, 260, 340, 190 బండ్లు పోయాయనుకోండి. మొత్తం 1000. 340ని నాలుగుతో హెచ్చిస్తే 1360. వెయ్యిని దానితో భాగిస్తే 0.74 దగ్గర వస్తుంది. ఒకటికి దగ్గరగా ఉంటే గంటంతా ఒకేలా ఉన్నట్టు, తగ్గేకొద్దీ ఏదో ఒక్కసారిగా వచ్చి పడినట్టు. స్టేషన్ రోడ్డులో ఇది తక్కువ వస్తే ఆ టైముకి ఏ రైలు వచ్చిందో చూడండి. ఒకటి కంటే ఎక్కువ వస్తే మాత్రం కూడిక తప్పు, అది అసాధ్యం.

రెండోది, రకరకాల బండ్లను కారుతో సమానంగా మార్చడం. దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) మార్గదర్శకాల్లో, ఐఆర్‌సీ 106లో (1990), పట్టిక ఉంది. కారు 1. బైకు 0.5 లేదా 0.75, ఆటో 1.2 లేదా 2.0, బస్సు 2.2 లేదా 3.7. మొత్తం ట్రాఫిక్‌లో ఆ బండి వాటా 5 శాతం ఉంటే చిన్న అంకె, 10 శాతం, ఆపైన ఉంటే పెద్దది. అందరికీ ఒకే అంకె వాడేయడం మామూలు పొరపాటు. ముందు శాతాలు తీయండి, తర్వాతే గుణకారం.

ఇక్కడితో ఆగిపోకండి, బండిలో ఎంతమంది ఉన్నారో కూడా రాయాలి. ప్రతి పదో బండిని చూసి మనుషుల్ని లెక్కపెడితే చాలు. నలభై మందిని తీసుకుపోవడానికి పెద్ద అంకె వేసినా ఒక బస్సు 3.7. అదే నలభై మంది ఇద్దరేసి బైకుల మీద పోతే 20 బైకులు, 0.75 చొప్పున 15. ఇద్దరేసి కార్లలో పోతే 20. ఎనిమిదేసి మంది ఎక్కిన షేర్ ఆటోలైతే ఐదు, రెండేసి చొప్పున 10. ఈ నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ దేశం గైడ్ అయినా మీ పేజీ దగ్గర ఆగుతాడు. షేర్ ఆటోలే అడ్డం అని మన ఊళ్లో అందరూ అంటారు, అవి మోసే మనుషుల్ని ఎవరూ లెక్కపెట్టరు.

7. నడిచేవాళ్లు

దీనికి పూర్తిగా ఒక రోజు ఇవ్వండి.

ముందు ఫుట్‌పాత్ కొలత. ఐఆర్‌సీ 103 (2012) ప్రకారం నడవడానికి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, వ్యాపార ప్రాంతాల్లో 2.5. టేపు పెట్టి అంచు నుంచి అంచుకు కొలిచి "2.4 మీటర్లు, బాగుంది" అని రాయకండి. ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు స్తంభం, పూల బండి, దుకాణం బోర్డు, నిలిపిన బైకులు... వీటన్నిటినీ తీసేసి, మనిషి నిజంగా నడవగలిగేది ఎంతో రాయండి. ప్రతి 20 మీటర్లకు ఒక కొలత. పూల బండివాళ్లను ఫోటో తీసేటప్పుడు అడిగి తీయండి. వాళ్లను తీసేయించడానికి వచ్చామని అనుకుంటారు, ఆ భయం నిజమైనది.

తర్వాత, ఎవరు ఎక్కడ నడుస్తున్నారు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం అలిపిరి పోయే రోడ్డులో నిలబడ్డాను. ఫుట్‌పాత్ ఖాళీ, జనం రోడ్డు మీద. "పాదచారులు ఫుట్‌పాత్ వాడటం లేదు" అని రాయబోయాను. అంతలో ఒక పెద్దావిడ, చెప్పులు లేవు, నెత్తిన తడిగుడ్డ, రోడ్డు అంచున వేసిన తెల్ల గీత మీదే అడుగు ముందు అడుగు వేసుకుంటూ పోతోంది. గీత అయిపోయిన చోట ఆగి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఎదురుగా ఉన్న చెట్టు నీడ దాకా గబగబా పరుగులాంటి నడక. నేను ఫుట్‌పాత్ టైల్స్ మీద అరచెయ్యి పెట్టాను, ఉంచలేకపోయాను. మొక్కుకుని కాలినడకన వచ్చేవాళ్లలో ఎంతోమందికి కాళ్లకు చెప్పులుండవు. వాళ్లకు ఫుట్‌పాత్ వెడల్పు సమస్య కాదు, వేడి సమస్య. ఆ రోజు నుంచి నా ఫారంలో మూడు గడులు పెరిగాయి: చెప్పులు ఉన్నాయా, నీడ ఉందా, చేతిలో సామాను ఉందా.

ఉదయం ఏడుకు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి ఒకే చోట లెక్కపెట్టి పక్కపక్కన పెట్టండి. మీ థీసిస్‌లో అన్నిటికంటే విలువైన పట్టిక అదే కావచ్చు.

రోడ్డు దాటే టైము: సిగ్నల్ లెక్కల్లో సాధారణంగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుంటారు. స్టాప్‌వాచ్‌తో వంద మందిని చూడండి, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లను, ముసలివాళ్లను విడిగా. రోడ్డు వెడల్పును సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. మధ్యలో డివైడర్ మీద ఆగిన టైమును వేరుగా రాయాలి, కలిపేస్తే నడక వేగం తప్పుగా తక్కువ వస్తుంది.

హెచ్చరిక: టోకెన్లు ఇచ్చే చోట్ల, క్యూలైన్ల దగ్గర జనం మధ్యలో నిలబడి సర్వే చేయకండి. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయిన ఊరు ఇది. అలాంటి చోట ఎదురు మేడ మీద నుంచో, రోడ్డుకు ఇవతల నుంచో చూడండి, లేకపోతే వదిలేయండి.

8. జనంతో మాట్లాడటం

ఎనిమిది ప్రశ్నలు, రెండు నిమిషాలు. అంతకు మించితే ఎవరూ నిలబడరు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగూ సిద్ధంగా ఉండాలి.

గూగుల్‌లో అనువాదం చేసిన ప్రశ్నలు వాడకండి. "మీ ప్రయాణ సాధన ఎంపికను ప్రభావితం చేసే అంశాలు ఏవి" అని అడిగితే ఎదుటి మనిషి ముఖం చూస్తాడు. "ఇక్కడికి దేంట్లో వచ్చినారు స్వామీ? ఎంత తీసుకున్నారు? బస్సు ఎందుకు ఎక్కలేదు?" ఇంతే. ఈ మూడో ప్రశ్నకు జవాబులు ముందే గడులుగా పెట్టకండి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "బోర్డు తెలుగులో ఉంది, మాకు చదవరాదు" అన్న జవాబు మీ లిస్టులో ఎప్పటికీ ఉండదు.

ఆటోవాళ్లను అడగాలంటే స్టాండులో పెద్దాయన దగ్గరికి ముందు పోండి, టీ తాగుతూ విషయం చెప్పండి. సంపాదన ఎంత అని మొదటే అడగొద్దు. "రోజుకు ఎన్ని ట్రిప్పులు పడతాయన్నా, ఖాళీగా ఎంతసేపు నిలబడాల?" అంటే వాళ్లే మిగతాది చెప్తారు.

ఎంతమందిని అడగాలి? 95 శాతం నమ్మకం, 5 శాతం తేడా కావాలంటే 385 మంది. 10 శాతం తేడా చాలనుకుంటే 97. బీటెక్ ప్రాజెక్టుకు రెండోది చాలు, అదే మాట రిపోర్టులో రాయండి. కనపడినవాళ్లనల్లా కాకుండా, ప్రతి పదో మనిషిని ఆపండి. లేకపోతే మీకు తెలియకుండానే మీ వయసు కుర్రాళ్లనే అడిగేస్తారు. సాయంత్రం ఫారాలు చూసుకోండి, ఆడవాళ్లు మూడో వంతు కూడా లేకపోతే మర్నాడు మీ టీమ్‌లో అమ్మాయిని ముందుకు పంపండి.

9. అదే రాత్రి ఎక్కించండి

ఫారాలు మర్నాటికి పెట్టొద్దు. "ఇది 7నా, 1నా" అన్న అనుమానం రాసినవాళ్లకే తీరుతుంది, అదీ ఆ రాత్రే. చెక్ చేసే పద్ధతి: ఒకరు ఎక్కించాక ఇంకొకరు ప్రతి పదో ఫారం తీసి పోల్చాలి. సర్కిల్‌లోకి వచ్చిన బండ్ల మొత్తం, బయటికి పోయినవాటి మొత్తం దాదాపు సమానం కావాలి. పెద్ద తేడా ఉంటే ఎవరో ఒక దారిని రెండుసార్లు రాశారు, లేదా మధ్యలో పార్కింగ్ ఉంది. ప్రతి ఫారాన్నీ ఫోటో తీసి తేదీ, చోటు, దిశ పేరుతో సేవ్ చేయండి.

10. బయటి ఊళ్లతో పోల్చేటప్పుడు

మీతో చేసే విదేశీ విద్యార్థులు బార్సిలోనా పేరు తప్పకుండా తెస్తారు. 2016లో అక్కడి పోబ్లెనౌలో కొన్ని వీధుల గుంపును కలిపి లోపల కార్లు తగ్గించారు, దాన్ని సూపర్‌బ్లాక్ అంటారు. "గాంధీ రోడ్డులో అలా చేయొచ్చా?" అని అడుగుతారు. అడగనివ్వండి, మంచి ప్రశ్నే. కానీ జవాబుకు ముందు వాళ్లను ఉదయం ఆరింటికి గాంధీ రోడ్డుకు తీసుకుపోయి, దుకాణాలకు సరుకు ఏ బండ్లలో, ఎంతసేపు దిగుతోందో ఒక గంట లెక్కపెట్టించండి. పోలికకు ముందు మాటలు కూడా సరిచూసుకోవాలి. వాళ్ల లెక్కలో ఇంటి నుంచి బస్టాపు దాకా నడక ఒక ప్రయాణమా, బస్సు ప్రయాణంలో భాగమా? మీరు దాన్ని వేరుగా రాసి, వాళ్లు కలిపి రాస్తే, తిరుపతిలో నడిచేవాళ్లు ఎక్కువ అని కాగితం మీద మాత్రమే తేలుతుంది.

రిపోర్టు ఇచ్చేశాక ఇంకొక్క పని. ఒక పేజీ తెలుగులో, ఒక మ్యాపు, ఐదు అంకెలతో తయారు చేసి మూడు కాపీలు తీయండి. ఒకటి నగరపాలక సంస్థకు, ఒకటి ట్రాఫిక్ పోలీసులకు, మూడోది మీకు టీ పోసి మాట్లాడిన ఆటో స్టాండుకు. పోయిన ఏడాది ఇచ్చిన కాగితాన్ని ఆ స్టాండులో దేవుడి పటం కింద అతికించుకున్నారు, ఈసారి మా పిల్లలు పోతే ట్రిప్పుల లెక్క వాళ్లే నోటుబుక్కులో రాసి ఉంచారు.